ఉపగ్రహాల ద్వారా వరి సాగు పర్యవేక్షణ: అవకాశాలు, పరిమితులు

ఉపోద్ఘాతం

భూవనరుల పరిశీలనకై ప్రత్యేకించిన లాండ్‌శాట్-1 ఉపగ్రహం 1972లో కక్ష్యలో ప్రవేశించింది. భారతదేశపు తొలి కార్యాచరణ దూరగ్రాహక ఉపగ్రహమైన ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988 మార్చి 17న ప్రయోగించబడింది. నేడు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం షాద్‌నగర్ వద్ద గల భూకేంద్రం ద్వారా ఉపగ్రహ సమాచారాన్ని స్వీకరిస్తున్నది. పంట విస్తీర్ణపు అంచనా, కరువు పరిశీలన, వరద ముంపు గుర్తింపు, పంటల బీమాలలో ఇటువంటి సమాచారం వినియోగంలో ఉన్నది. పటంలో ఒక పొలాన్ని పొరపాటుగా గుర్తిస్తే దాని ఫలితం రైతుకు అందవలసిన సహాయంపై పడవచ్చు. అందువల్ల ఉపగ్రహం దేనిని చూడగలదో, దేనిని చూడలేదో విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకొనుట అవసరం.

పంట పచ్చదనపు సూచిక

ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని శోషించుకొనగా, ఆకు అంతర్నిర్మాణం సమీప పరారుణ కిరణాలను అధికంగా పరావర్తనం చేస్తుంది. ఈ రెండింటి భేదాన్ని వాటి మొత్తంతో భాగించగా వచ్చేదే ఎన్.డి.వి.ఐ. సూచిక. దీని విలువ -1 నుండి +1 వరకు ఉంటుంది. ఉదాహరణకు ఎరుపు కాంతి 5 శాతం, సమీప పరారుణం 45 శాతం పరావర్తనం చెందితే సూచిక 0.8 అవుతుంది. అవే 20, 30 శాతాలుగా ఉన్న ఖాళీ నేలలో అది 0.2 మాత్రమే.

ఈ సూచిక పచ్చదనాన్ని తెలుపుతుందే గాని దాని కారణాన్ని తెలుపదు. నత్రజని లోపం, చీడపీడలు, నీటి ఎద్దడి, ముంపు – వీటిలో ఏది సంభవించినా సూచిక తగ్గవచ్చు. కలుపుతో నిండిన పొలం సైతం పచ్చగానే కనిపిస్తుంది. ఆకులు దట్టంగా కమ్ముకొన్న దశలో సూచిక పెరుగుదల దాదాపు నిలిచిపోతుంది.

మబ్బులు, రాడార్ ఉపగ్రహాలు

వానాకాలంలో నాట్లు ముమ్మరంగా సాగే రోజులలోనే ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది. కాంతిపై ఆధారపడే ఉపగ్రహాలు మబ్బుల గుండా చూడలేవు. సెంటినెల్-1, 2022లో ఇస్రో ప్రయోగించిన ఇ.ఓ.ఎస్.-04 వంటి రాడార్ ఉపగ్రహాలు తామే సూక్ష్మ తరంగాలను పంపి, తిరిగివచ్చే సంకేతాన్ని నమోదు చేస్తాయి. వీటికి మబ్బులు గాని, చీకటి గాని అడ్డు కావు.

దమ్ము చేసి నీరు నిలిపిన మడి నునుపైన అద్దంలా తరంగాలను ఆవలి వైపునకు మళ్ళిస్తుంది. అందువల్ల చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పిలకలు వేసి పైరు పెరిగేకొద్దీ సంకేతం బలపడుతుంది. ఈ నలుపు నుండి తెలుపునకు సాగే మార్పే నాటిన వరికి ప్రధాన గుర్తు.

పొడి దుక్కిలో నేరుగా విత్తిన వరిలో తొలిదశన ఈ నలుపు స్పష్టంగా ఉండదు. నాటిన వరిని ఆధారంగా చేసుకొని రూపొందించిన పద్ధతి అట్టి పొలాన్ని వరిగా గుర్తించకపోయే ప్రమాదమున్నది. కూలీల కొరత వల్ల నేరుగా విత్తే పద్ధతి ఆదరణ పొందుతున్నందున ఇది ఉపేక్షింపదగిన విషయం కాదు.

కమతం, పిక్సెల్

ఎకరం విస్తీర్ణం సుమారు 4,047 చదరపు మీటర్లు. సెంటినెల్-2 యొక్క 10 మీటర్ల పిక్సెళ్ళు ఎకరానికి సుమారు 40 వస్తాయి. రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాకు (23.5 మీటర్లు) 7, ఎవైఫ్స్ కెమెరాకు (56 మీటర్లు) ఒకటికి కొంచెం ఎక్కువ మాత్రమే. పైగా గట్టు వెంబడి ఉండే పిక్సెళ్ళలో పక్క పొలపు సంకేతం కలుస్తుంది. కావున ఎవైఫ్స్ చిత్రం జిల్లా స్థాయి పరిశీలనకు అనుకూలమే గాని, ఒక ఎకరం రైతు పంటపై తీర్పునకు ఆధారం కాజాలదు.

క్షేత్ర సమాచార సేకరణ

పటపు కచ్చితత్వాన్ని నిర్ణయించేది క్షేత్ర సమాచారమే. దీనిని సేకరించేటప్పుడు ఈ అంశాలు పాటించాలి:

• జి.పి.ఎస్. స్థానాన్ని గట్టుపై గాక పొలం మధ్యన నమోదు చేయాలి.
• పంట, రకంతో పాటు నాటినదా, నేరుగా విత్తినదా అన్న విషయాన్ని, తేదీని వ్రాయాలి.
• అంతర పంటలు, కలుపు, నిలిచిన నీరు ఉంటే తెలపాలి.
• రహదారి పక్క పొలాలకే పరిమితం కాకుండా లోపలి పొలాలను, వరి కాని పొలాలను కూడా చేర్చాలి.
• కొన్ని పొలాల వివరాలను పట తయారీకి వాడక, తనిఖీ కొరకు వేరుగా ఉంచాలి.

ముగింపు

ఉపగ్రహం విశాల ప్రాంతాన్ని మరల మరల చూడగలదు. పొలంలో దిగిన శాస్త్రవేత్త కారణాన్ని గుర్తించగలడు. మొదటిది మార్పు ఎక్కడ వచ్చిందో సూచిస్తే, రెండవవారు అది ఎందుకు వచ్చిందో నిర్ధారించాలి. ఈ రెండూ కలిసినపుడే పటంలోని రంగు రైతుకు న్యాయం చేకూర్చే ఆధారమవుతుంది.