గ్రామమునకు ఆదాయ వ్యయములు

ఉగాది నాడు గ్రామస్థులెల్లరు కూడి పంచాంగ శ్రవణము చేయుట మన ఆచారము. తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని ప్రతివారును శ్రద్ధతో విందురు. గ్రామమునకును ఆదాయ వ్యయములు కలవు. అవి పంచాంగమున దొరకవు. వానిని వ్రాయవలసినవారు పంచాయతీ సభ్యులే. ఏప్రిల్ 1వ తేదీతో ఆర్థిక సంవత్సరము కూడ ఆరంభమగును గనుక ఆలోచనకు ఇదియే తగిన సమయము.

"పైనుండి నిధులు రావలెను" అను మాట మనము తరచుగా విందుము. నిధులు కోరుట మన హక్కే. కాని అవి వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట గాలిలో దీపముంచి దేవునిపై భారము వేయుట వంటిది.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలను తలచుకొనుడు. 1990వ దశకపు తొలినాళ్లలో వారు వయోజన విద్యా కేంద్రమున అక్షరములు నేర్చుచు, తమ ఇండ్లను గుల్లచేయుచున్నది సారాయియే యని గుర్తించిరి. ఉత్తరువు కొరకు వేచియుండక తామే దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాకు, పిదప రాష్ట్రమునకు వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాయిని నిషేధించెను. ఇచట కార్యము ముందు నడచినది. ఉత్తరువు వెనుక వచ్చినది.

నేడు సభ్యులకు రాజ్యాంగపు అండయు కలదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. త్రాగునీరు, రోడ్లు, పారిశుధ్యము వానిలోనివే.

కావున గ్రామపు పనులను మూడు వరుసలుగా వ్రాసికొనుడు.

మొదటిది, మన చేతులతోనే కాదగినవి. నిలిచిన నీటిలో దోమ గ్రుడ్డు సుమారు పది దినములలో దోమయై ఎగురును. వారమునకొకసారి తొట్లను కడిగి ఎండబెట్టుటకు, గుంటలను పూడ్చుటకు ఏ నిధియు అక్కరలేదు.

రెండవది, పంచాయతీ సొంత ఆదాయముతో కాదగినవి. మంచినీటి ట్యాంకును శుభ్రపరచుట, వీధిదీపములను బాగుచేయుట ఇట్టివి. ఇందులకు ఇంటిపన్ను వసూలు కావలెను. సభ్యుడు తన పన్ను ముందుగా చెల్లించినచో ఇతరులను అడుగుటకు నోరు వచ్చును.

మూడవది, ప్రభుత్వ సహాయము లేనిదే కానివి. వీనికి గ్రామసభలో తీర్మానము చేసి, అంచనాతో పంపి, జవాబు వచ్చువరకు వెంబడించవలెను.

ప్రతి పనికెదురుగా బాధ్యుని పేరు, గడువు తేదీ వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటించుడు. వచ్చే ఉగాదికి ఆ కాగితమును గ్రామస్థులందరి యెదుట చదువుడు. గ్రామ ఫలితములు అప్పుడు స్పష్టముగా తెలియును.