నూనె కాచేటప్పుడు చెవి దగ్గర పెట్టుకో

బ్రాడీపేట, గుంటూరు

బుజ్జమ్మా,

వేపనూనె ఎలా కాచాలని అడిగావు. ఫోన్లో చెబితే సగమే చెవిన పడుతుందని రాస్తున్నాను. ఏ ఆకు, ఎంత అన్నది తర్వాత. ముందు తడి సంగతి చూడు. ఆకులో నీరు నూనెలో మిగిలిపోతే వారం తిరక్కముందే బూజు పడుతుంది.

పాత లెక్క శార్ఙ్గధర సంహితలో ఉంది: ముద్ద ఒక వంతు, నూనె 4, నీళ్లు 16. అంటే పావుకిలో గానుగ నువ్వుల నూనెకి 60 గ్రాముల వేపాకు ముద్ద, లీటరు నీళ్లు. తడి వద్దంటూనే ఇన్ని నీళ్లెందుకంటావేమో! నీళ్లున్నంతసేపూ నూనె వంద డిగ్రీలు దాటదు, ఆకు మాడదు. ముద్దలోనే దుగ్గిరాల పసుపు కొమ్ము చిన్న ముక్క దంచి కలుపు. పాత చీర కట్టుకుని కూర్చో, ఆ మరక వదలదు.

సన్నసెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉండు. చివర్లో చిటపటలు తగ్గి నురగ లేస్తుంది. అప్పుడు కాస్త ముద్ద తీసి చల్లార్చి నలిపితే వత్తిలా రావాలి. పట్టకారుతో మంటలో పెడితే చప్పుడు లేకుండా కాలాలి. చిటపటమంటే ఇంకా తడుంది. నల్లబడి గట్టిపడితే మాడిందని, పారబొయ్యి.

బావంచాలు కూడా వెయ్యమని ఎవరో చెప్పారన్నావు. వద్దు. అందులో సోరాలెన్ ఉంటుంది, అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఇక మన రోహిణి కార్తె ఎండల్లో చెప్పాలా!

మీ అత్తయ్యగారికి మిర్చి తొడిమలు తీసి చేతులు మండుతున్నాయన్నావే, దానికి ఈ నూనె తగలెయ్యకు. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. మామూలు వంటనూనె పట్టించి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే సబ్బుతో కడుక్కోమను. అంతదాకా కళ్లు నలుపుకోవద్దని గట్టిగా చెప్పు.

నువ్వు మాత్రం ముందు మోచేతి మడతలో చుక్క రాసి ఒక రోజు చూడు. దద్దురు రాకపోతే వాడుకో. పుండ్ల మీదా, రసి కారే గజ్జి మీదా రాయొద్దు, డాక్టరుకి చూపించు. చంటివాడి నోట్లోకి చుక్క కూడా పోకూడదు. సీసా ఎండబెట్టి, చిన్నదాంట్లో పోసి, కాచిన తేదీ అంటించు. ముక్క వాసన వస్తే ఇంక దాని జోలికి పోకు.

సీసాలు కొనకు, మా ఇంట్లో పాతవి బోలెడున్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

మీ పెద్దమ్మ