ఒక ఫిర్యాదు, రెండు దావాలు: అమెరికాలో ఖైదీల హక్కుల వ్యాజ్యములు

ఒకే సంగతిపై ఒకే మనిషి రెండు దావాలు వేసినచో రెండవదానిని న్యాయస్థానము ఏమి చేయవలెను? మన సివిల్ ప్రొసీజర్ కోడు (1908) చదివినవారు వెంటనే సమాధానము చెప్పగలరు. మొదటి దావా నడుచుచుండగా రెండవదాని విచారణను నిలిపివేయవలెనని 10వ సెక్షను చెప్పుచున్నది. ఒకసారి తేలిన వివాదమును మరల ఎత్తరాదని 11వ సెక్షను చెప్పుచున్నది. అమెరికా ఫెడరల్ కోర్టులలో ఈ ప్రశ్నకు ఇంత సూటి శాసనము లేదు. అందులోను వాది జైలులోనున్న పేదవాడైనపుడు రెండవ దావాను నిలుపుటతో పోదు, దానిని కొట్టివేయుదురు. ఆ కొట్టివేత అతని తదుపరి దావాలపై కూడ పడును. మేము పరిశీలింపదలచినది ఈ చిక్కునే.

ఖైదీకి దావా వేయు హక్కు ఎక్కడనుండి వచ్చినది? అంతర్యుద్ధానంతరము 1871లో అమెరికా కాంగ్రెసు చేసిన పౌరహక్కుల చట్టమే దీనికి మూలము. రాష్ట్రాధికారి తన అధికారము నీడలో రాజ్యాంగ హక్కును హరించినచో అతనిపై దావా వేయవచ్చునని ఆ చట్టము చెప్పినది. నేడు దానిని 1983వ సెక్షను అని వ్యవహరింతురు. తొంబది సంవత్సరముల పాటు అది దాదాపు నిద్రావస్థలో ఉండి, 1961లో మన్రో వర్సెస్ పేప్ తీర్పుతో మేల్కొన్నది. 1964లో కూపర్ వర్సెస్ పేట్ వ్యాజ్యములో ఇల్లినాయి రాష్ట్రపు ముస్లిం ఖైదీ ఒకరు, తన మతగ్రంథములు కొనుటకు జైలువారు అనుమతించలేదని ఫిర్యాదు చేయగా, అట్టి ఫిర్యాదు విచారణార్హమేనని సుప్రీంకోర్టు తీర్మానించినది. 1972లో హెయిన్స్ వర్సెస్ కెర్నర్ తీర్పు, వకీలు లేక ఖైదీ స్వయముగా వ్రాసుకొన్న అర్జీని ఉదారముగా చదువవలెనన్నది. (దావా, అర్జీ, వకీలు, ఖైదీ: ఈ మాటలన్నియు అరబ్బీ, ఫారసీల నుండి ఉర్దూ ద్వారా మన తెలుగు కచేరీలకు వచ్చినవే. మన కళాశాలలో రెండు భాషలవారికిని అర్థము చెప్పనక్కరలేని మాటలు.)

పేదలు రుసుము ముందుగా చెల్లింపకయే దావా వేయుటకు 1892 నాటి చట్టము వీలు కల్పించినది. అయితే అట్టి దావా పసలేనిదైనను, దురుద్దేశపూరితమైనను కొట్టివేయు అధికారమును కోర్టుకు ఇచ్చినది. పునరుక్త దావాలను ఈ రెండవ మాట క్రిందికి తెచ్చినవారిలో టెక్సాస్, లూసియానా, మిసిసిపీ రాష్ట్రములపై అధికారముగల ఐదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ముఖ్యమైనది. 1988లో బెయిలీ వర్సెస్ జాన్సన్ వ్యాజ్యములో ఆ కోర్టు, అవే సంఘటనల నుండి పుట్టిన ఫిర్యాదును మరల తెచ్చినచో, ప్రతివాదులు వేరైనను, అది దుర్వినియోగమే కాగలదన్నది.

ఒక ఉదాహరణము ఊహింతము. చేయి విరిగిన ఖైదీకి జైలు వైద్యుడు చికిత్స చేయలేదు. ఖైదీ వైద్యునిపై దావా వేసినాడు. రెండు నెలల తరువాత అదే నిర్లక్ష్యమునకు జైలు సూపరింటెండెంటుపై మరియొక దావా వేసినాడు. ఇది పునరుక్తము, మొదటి దావాలోనే సవరణ కోరి సూపరింటెండెంటును చేర్చవలసినది. కాని మొదటి దావా వేసినందుకు కక్షతో అతనిని ఏకాంత గదిలో బంధించినారనుకొందము. అది క్రొత్త సంఘటన, క్రొత్త ఫిర్యాదు. అట్లే జైలులోని ఫిర్యాదు పద్ధతిని ముగింపలేదను కారణమున మొదటి దావా పోయి, ఆ పద్ధతిని ముగించి ఖైదీ తిరిగి వచ్చినచో దానినిగూడ పునరుక్తమనుట తగదు. పేర్లు, పుటలు పోల్చిచూచి తేల్చు పని కాదిది. ఏ చర్య, ఏ దినము, ఏ హాని అన్నవి పోల్చవలెను.

మా దృష్టిలో ఈ విషయమున మేలైన తీర్పు 1993 నాటి పిట్‌మన్ వర్సెస్ మూర్. పెండింగులోనున్న దావాకు నకలైన దావాను కొట్టివేయవచ్చునని అంగీకరించుచునే, ఆ కొట్టివేత మొదటి దావాకు బాధకము కారాదని ఐదవ సర్క్యూట్ చెప్పినది. ఖైదీకి తన మొర వినిపించుకొను అవకాశము ఒకటి నిండుగా దక్కవలెను, రెండవది అక్కరలేదు. రెండు దావాలను చూచిన ఇద్దరు న్యాయాధికారులు, ప్రతిదానిని రెండవదానికి నకలని తలచి కొట్టివేసినచో ఆ ఖైదీ గతి యేమి?

1996లో వచ్చిన జైలు వ్యాజ్య సంస్కరణ చట్టము ఈ ప్రశ్నకు బరువు పెంచినది. పేద ఖైదీయైనను 350 డాలర్ల రుసుమును వాయిదాలలో పూర్తిగా చెల్లింపవలెను. అతని ఖాతాలో నిలువ పది డాలర్లు మించినప్పుడెల్ల గత నెల రాబడిలో ఇరువది శాతము కోతపడును. నెలకు 20 డాలర్లు వచ్చువానికి కోత 4 డాలర్లు. రుసుము తీరుటకు ఏడేండ్లకు పైగా పట్టును. దావా కొట్టివేసినను బాకీ పోదు. రెండు దావాలున్నచో రెండు కోతలు ఒకేసారి పడునని 2016లో బ్రూస్ వర్సెస్ సామ్యూల్స్ తీర్పులో సుప్రీంకోర్టు తేల్చినది.

అంతకంటె కఠినమైనది మూడు స్ట్రైకుల నిబంధన. పసలేనివనియో, దురుద్దేశపూరితములనియో, ఉపశమనమునకు ఆధారము చూపలేదనియో మూడు దావాలు కొట్టివేయబడిన ఖైదీకి వాయిదాల సౌకర్యము కూడ పోవును. తీవ్రమైన శారీరక హాని ముంచుకువచ్చు సందర్భమే దీనికి మినహాయింపు. అప్పీలు పెండింగులోనున్నను స్ట్రైకు లెక్కకు వచ్చునని 2015లో కోల్‌మన్ వర్సెస్ టాలెఫ్‌సన్ తీర్పు నిర్ణయించినది.

కోర్టుల కష్టమును మేము కాదనము. ఒకే ఫిర్యాదుపై ఇద్దరు న్యాయాధికారులు రెండు విధములుగా తీర్పు చెప్పు ప్రమాదమున్నది. ఫెడరల్ కోర్టులు పరస్పరము నకలు వ్యాజ్యములను నివారింపవలెనని సుప్రీంకోర్టు 1976లో కొలరాడో రివర్ వ్యాజ్యములోనే అన్నది. అయితే రెండవ దావా వేసిన ప్రతి ఖైదీ దురుద్దేశపరుడా? అతనిని వేరొక జైలుకు మార్చియుండవచ్చు. కోర్టు ఉత్తరము పాత జైలుకే పోయియుండవచ్చు. సవరణ అను మార్గమున్నదని వకీలు లేనివానికి చెప్పువారెవరు? రెండవ కాగితమును మొదటి దావాకు సవరణగా స్వీకరించుట, రెంటిని కలిపి విచారించుట, రెండవదానిని నిలిపియుంచుట న్యాయాధికారి చేతిలోని పనులే. ఉద్దేశమును విచారింపకయే, రెండవదైనంత మాత్రమున దురుద్దేశమని ముద్రవేయుట న్యాయము కాదని మా అభిప్రాయము.

అట్టి ఆర్డరు చేతికి వచ్చిన విద్యార్థి ముందుగా చివరి పేరా చూడవలెను: మొదటి దావా నంబరు వేసినారా, అది సజీవముగా నడుచుచున్నదని వ్రాసినారా, ఈ కొట్టివేతను స్ట్రైకుగా లెక్కించినారా.