ప్రయోగశాలలో రసాయనాల నిల్వ

సోడియం, పొటాషియం గాలిలోని తేమతోనూ ఆక్సిజన్‌తోనూ తీవ్రంగా చర్య జరుపుతాయి కనుక వాటిని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు. తెల్ల భాస్వరం సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వద్దనే గాలిలో అంటుకుంటుంది కాబట్టి దానిని నీటి అడుగున భద్రపరుస్తారు. లిథియం మాత్రం కిరోసిన్‌పై తేలుతుంది గనుక దానికి పారఫిన్ మైనపు పూత అవసరమవుతుంది. కాంతి సోకితే విఘటనం చెందే, అంటే సరళ పదార్థాలుగా విడిపోయే, సిల్వర్ నైట్రేట్‌ను ముదురు గోధుమరంగు సీసాలోనూ, గాజులోని సిలికాను తినివేసే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని ప్లాస్టిక్ పాత్రలోనూ నిల్వ చేస్తారు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్నే నీటిలోకి కొద్దికొద్దిగా కలుపుతూ పోయాలి. నీటినే ఆమ్లంలో పోస్తే, వెలువడే ఉష్ణానికి పైపొరలోని నీరు మరిగి ఆమ్లం చిమ్ముతుంది. నైట్రిక్ ఆమ్లం బలమైన ఆక్సీకరణి, గాఢ ఎసిటిక్ ఆమ్లం మండే ద్రవం కావడం వల్ల, రెండూ ఆమ్లాలే అయినా ఒకే అరలో ఉంచరాదు.