తొలి అమెరికా చారిత్రక గృహాలు: యజమానులు, సంవత్సరాలు

మాంటిచెల్లో: వర్జీనియాలో షార్లట్స్‌విల్ సమీపాన కొండపై ఉంది. యజమాని, రూపకర్త ఒక్కరే: థామస్ జెఫర్సన్ (3వ అధ్యక్షుడు, స్వాతంత్ర్య ప్రకటన ప్రధాన రచయిత). 1987లో వర్జీనియా విశ్వవిద్యాలయంతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. ఈ రెండింటినీ జతగా గుర్తుంచుకోండి. 1938లో అమెరికా 5 సెంట్ల నాణెంపైకి ఎక్కిన భవనం ఇదే. జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. సమానత్వాన్ని ప్రకటించిన కలమూ ఆయనదే. మెయిన్స్ వ్యాసానికి ఈ వైరుధ్యం చాలా విలువైనది, వదలొద్దు.

1826 జులై 4: జెఫర్సన్ మాంటిచెల్లోలో, 2వ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ మసాచుసెట్స్‌లోని క్విన్సీలో తన ‘పీస్‌ఫీల్డ్’ ఇంట్లో, ఒకే రోజు మరణించారు. ప్రిలిమ్స్‌కు ముఖ్యం.

మౌంట్ వెర్నన్: పోటోమాక్ నది ఒడ్డు, వర్జీనియా. జార్జ్ వాషింగ్టన్ నివాసం. 1799 డిసెంబర్ 14న ఇక్కడే మరణం. 1858లో కొనుగోలు ఒప్పందం చేసుకుని ఇంటిని కాపాడింది మహిళా సంఘమే. పరిరక్షణ చరిత్రలో ఇది గొప్ప ఘట్టం. యునెస్కో జాబితాలో లేదు, పొరబడవద్దు.

మాంట్‌పెలియర్: జేమ్స్ మాడిసన్, 4వ అధ్యక్షుడు, ‘రాజ్యాంగ పిత’.

పాల్ రెవీర్ ఇల్లు: బోస్టన్, సుమారు 1680 నాటిది, రెవీర్ కొన్నది 1770లో.