సహకారమునందు మనుష్యుని స్థానము

సహకార సంఘపు మహాజనసభలో పదియెకరముల ఆసామికిని, అరయెకరము గలవానికిని ఒక్కొక్క ఓటే. వాటాలు ఎన్ని కొన్నను ఓటు పెరుగదు. కంపెనీలలో నట్లు గాదు. అచ్చట వాటాకొక ఓటు. ఈ భేదము సభ్యులందఱు ఎఱిగినదే. కాని యిట్లేల యుండవలెనని అడిగినచో సమాధానము చెప్పగలవారు కొద్దిమంది. ఆ సమాధానమును శ్రద్ధగా వెదకినవారిలో ఐరోపాకు చెందిన కొందఱు కథోలిక తత్త్వవేత్తలు గలరు. వారి సిద్ధాంతమునకు వ్యక్తిత్వవాదమని పేరు. పేరు పెద్దదే గాని విషయము కడియము రైతునకు అందనిది కాదు.

ఎమ్మాన్యుయేల్ మునియే (1905–1950) అను ఫ్రెంచి తత్త్వవేత్త 1932లో "ఎస్ప్రి" అను పత్రికను స్థాపించెను. అది ధరలు పడిపోయి, పనులు లేక దేశదేశములు అల్లాడిన కాలము. ఒకవైపున లాభమే సర్వమను వ్యాపారము, మఱియొకవైపున రాజ్యమే సర్వమను నిరంకుశ ప్రభుత్వములు. రెంటియందును మనుష్యుడు లెక్కలోని ఒక అంకెయే అయ్యెనని మునియే వాదము. ఆ దేశమువాడే అయిన జాక్ మారిటేన్ ఈ భేదమును మఱింత స్పష్టపఱచెను. ధాన్యపు బస్తాలోనుండి ఒక గింజ తీసి దానివంటిదే మఱియొకటి వేసిన బస్తాకు వచ్చిన లోటు లేదు. మనుష్యునిగూడ ఇట్లు మార్చదగిన గింజగా చూచినచో అతడు వట్టి వ్యష్టి. మాట యిచ్చువాడు, ఇచ్చిన మాటకు కట్టుబడువాడు, ఇరుగుపొరుగు వారితో కలసి పెరుగువాడు అని చూచినచో అతడు వ్యక్తి. వ్యక్తికి వెల లేదు. అతనికి బదులుగా మఱియొకనిని నిలుపుటయు సాధ్యము గాదు. ఒంటరిగా తనకుతానే మూసికొన్నవాడు పూర్ణవ్యక్తి కానేరడని వీరు చెప్పుట మనము ముఖ్యముగా గుర్తింపదగినది. ఏలయనగా సహకారము చవుకగా ఎరువు దొరకు కొట్టు మాత్రమే కాదని దీనివలన తేలుచున్నది.

ఈ చింతనకు ముందే 1891లో పదమూడవ లియో పోపు శ్రామికుల న్యాయమైన కూలిని, వారు సంఘములుగా ఏర్పడు హక్కును సమర్థించుచు లేఖ వెలువరించెను. 1931లో పదునొకండవ పయస్ పోపు, చిన్న సంఘము చేసికొనగల పనిని పెద్ద సంస్థ లాగికొనుట అన్యాయమని వ్రాసెను. సంఘములకు ఎన్నికలు వాయిదాపడి, పైనుండి నియమించిన కమిటీలు నడుపుట చూచిన మనకు ఈ మాట దూరదేశపు మాటగా తోచదు.

ఈ సిద్ధాంతము కాగితముమీద నిలిచిపోలేదు. స్పెయిన్ దేశములోని మోండ్రాగాన్ అను ఊరికి 1941లో ఆరిజ్మెండియారియెటా అను యువక గురువు వచ్చెను. ఆయన మునియే, మారిటేనుల గ్రంథములు చదివినవాడు. ఆయన మొట్టమొదట పెట్టినది కర్మాగారము గాదు, 1943లో ఒక పనిబడి. అందులో చదివిన ఐదుగురు 1956లో పొయ్యిలు చేయు సహకార కర్మాగారమును స్థాపించిరి. 1959లో సహకార బ్యాంకు వెలసెను. పదుమూడేండ్ల చదువు, తరువాతనే వ్యాపారము! మనవారు ముందు గోదాము కట్టి, సభ్యులకు బైలా చదివి వినిపించుట మఱచుచుందురు. నేడు అచ్చటి సంఘములలో సుమారు 70 వేలమంది పనిచేయుచున్నారు. పనివారే సభ్యులు, పై జీతమునకు, క్రింది జీతమునకు నడుమ హద్దు గలదు. అంతయు సుఖముగా సాగెనని చెప్పుట సరికాదు. ఆ మొదటి కర్మాగారమునుండి పెరిగిన గృహోపకరణముల సంస్థ 2013లో దివాలా తీసెను. అయితే పనిపోయిన సభ్యులలో పలువురకు తక్కిన సహకార సంఘములు పని చూపించెను. వారిని గింజలుగా ఎంచియుండినచో ఇట్లు చేసియుండరు.

ఇంక మన దేశమునకు వత్తము. మన సహకారమునకు మూలము జర్మనీదేశపు రైఫైజెన్. ఆయన కథోలికుడు కాడు, ప్రొటెస్టెంటు. అయినను ఆయన పద్ధతిలోని ఆయువుపట్టు ఇదియే. ఊరివారు ఒకరినొకరు ఎఱిగియుందురు గనుక, ఆస్తిని గాక నడవడిని చూచి అప్పు ఇయ్యవచ్చుననియు, అందఱును అందఱికి పూచీపడవలెననియు ఆయన నియమము. మద్రాసు ప్రభుత్వము కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. అటువంటి రైఫైజెన్‌ను మనలో వెదకుడని ఆయన సలహా. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను.

ఆ వెదకుట ఎంతవఱకు వచ్చినదో చూతము. గోదావరి డెల్టాలో పొలము దున్నువారిలో అనేకులు కౌలుదారులు. విత్తనము, ఎరువు, కూలి, పురుగుమందు ఖర్చు వారిదే. పంట పోయినచో నష్టమును వారిదే. కౌలు బస్తాలు మాత్రము తప్పవు. అట్టివాడు పరపతికై వచ్చినప్పుడు మొదట అడుగబడు ప్రశ్న, "పాసుపుస్తకమేది?" అని. పుస్తకము ఆసామి యింటిలో నుండును. ఆసామి హైదరాబాదులోనో అమెరికాలోనో యుండును. పదేండ్లుగా అదే చేను దున్నుచు, వడ్డీవ్యాపారికి ఒక్క కిస్తీయైన తప్పనివాడు, పుస్తకము లేని కారణమున వట్టిచేతులతో తిరిగిపోవుట నేను పలుమారులు చూచితిని. అతని నడవడి ఊరందఱికి తెలిసినదే, సంఘపు రిజిస్టరుకు మాత్రము తెలియదు.

2011లో కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చు చట్టము వచ్చెను. ఆ సంవత్సరమే కోనసీమలో అనేకులు పంట విరామము ప్రకటించిరి. 2019 చట్టము పదునొకండు నెలల ఒప్పందమును ఏర్పఱచెను గాని దానికి ఆసామి సంతకము కావలసియుండెను. సంతకము పెట్టినచో భూమి చేజాఱునని ఆసాములకు భయము. ఆ భయము నిరాధారమైనను దానిని ఎగతాళి చేయుటవలన లాభము లేదు. కూర్చుండి మాటలాడి తీర్పవలెను.

చట్టముకొఱకు ఎదురుచూడనక్కఱలేని మార్గమొకటి గలదు. నాబార్డు ప్రోత్సహించిన ఉమ్మడి బాధ్యతా సంఘములలో నలుగురు మొదలు పదిమంది వఱకు చేరి, భూమి తనఖా లేకయే, ఒకరికొకరు పూచీపడి అప్పు పొందవచ్చును. రైఫైజెన్ నియమమునకు ఇది సమీపబంధువు. ఇందు ఒక చిక్కు గలదు. పేరుకు పదిమందిని చేర్చి, ఒక్కడే సొమ్ము వాడుకొన్నచో అది వ్యక్తుల సంఘము గాదు, సంతకముల మూట. కావున చేరువారు ఒకే చెఱగు పొలములవారై, ఒకరి చేను ఒకరు చూడగలవారై యుండవలెను. నర్సరీలలో అంటుకట్టు కూలీలకును ఈ పద్ధతి పనికివచ్చునేమో ఆలోచింపదగును. వారి చేతిపనియే వారి ఆస్తి.

సార్వా నారుమళ్లు పోయుటకు రెండు నెలలు ముందుగానే ఈ జట్లు కూడవలెను. నాట్లు పడిన తరువాత అప్పు వచ్చినచో అది వడ్డీవ్యాపారి బాకీకే పోవును. ముందు వచ్చు మహాజనసభకు మన గ్రామమున కౌలు చేయువారి పేర్లు వ్రాసి తెచ్చి చదివినచో, వారిలో ఎందఱు సభ్యులు, ఎందఱు కారు అనునది మొదటిసారిగా అందఱికి తెలియును.