రక్తపు క్యాన్సరు : కావలి తప్పిన కణములు

గ్రామమునకు కావలివారెట్లో శరీరమునకు తెల్ల రక్తకణములట్లు. ఇవి ఎముకలలోని మూలుగయందు పుట్టి, లోన ప్రవేశించిన రోగక్రిములను చంపును. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు ఇవి సుమారు 4,000 మొదలు 11,000 వరకు ఉండును.

రక్తపు క్యాన్సరులలో నొకటియగు ల్యుకేమియాయందు ఈ సంఖ్య ఒక్కొక్కప్పుడు లక్షను మించును. సంఖ్య పెరిగినచో రక్షణయు పెరుగవలెను గదా యని సందేహము కలుగవచ్చును. కాని తీవ్రమైన ల్యుకేమియాలో పెరుగునవి పక్వము కాని కణములు. అవి క్రిములతో పోరాడలేవు. పైగా మూలుగనాక్రమించి మంచి కణములకు చోటు లేకుండ చేయును. అందుచే జ్వరము మరల మరల వచ్చును. ఎర్రకణములు తగ్గి రోగి పాలిపోవును. రక్తమును గడ్డకట్టించు కణములు తగ్గి చిగుళ్ళనుండి రక్తము కారును.

పిల్లలకు వచ్చు ల్యుకేమియా సకాలమున సరియైన చికిత్స జరిగినచో చాలవరకు నయమగుచున్నది. కావున విడువని జ్వరము, పాలిపోవుట, దెబ్బ తగులకయే కమిలిన మచ్చలు గల బిడ్డకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వెంటనే రక్తపరీక్ష చేయించునట్లు పంచాయతీ సభ్యులు చూడవలెనని మనవి చేయుచున్నాము. హైదరాబాదునందు 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రిలో దీనికి చికిత్స కలదు.

ఇది అంటువ్యాధి కాదు. రోగిని దూరముంచుట అన్యాయము. అయితే జలుబు, దగ్గు గలవారు రోగిని సమీపింపరాదు. తక్కినవారు చేతులు కడుగుకొని పోవలెను. రోగివలన మనకు భయము లేదు. మనవలననే రోగికి భయము.